అశోక్‌నగర్ ‘ఉదారవాదం’ నోట్స్: ఏ పేజీలు చదవాలి, ఏవి దిద్దుకోవాలి

హైదరాబాద్ అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల్లో రాజనీతిశాస్త్రం నోట్స్ అడిగితే చేతిలో పెట్టేవాటిలో ఇదొకటి. నీలం అట్ట, స్పైరల్ బైండింగ్, రెండువైపులా ప్రింటు, 46 పేజీలు, 120 రూపాయలు. అట్ట మీద ‘ఉదారవాదం: సాంప్రదాయ, ఆధునిక ధోరణులు’ అని ఉంటుంది. తయారుచేసింది ఒక కోచింగ్ సెంటర్. పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇదే పాఠం కొద్ది మార్పులతో వేరే అట్టల కింద కూడా తిరుగుతోంది. సివిల్స్‌లో రాజనీతిశాస్త్రం ఆప్షనల్‌ను తెలుగులో రాసేవాళ్లు, జూనియర్ లెక్చరర్, యూజీసీ నెట్ పరీక్షలకు తయారయ్యేవాళ్లు, గ్రూప్-1 మెయిన్స్‌లో రాజ్యాంగం పేపర్‌కు కాస్త పునాది కావాలనుకునేవాళ్లు దీన్ని కొంటున్నారు.

కొనొచ్చు. ఆధునిక ఉదారవాదానికి పునాది వేసిన 19వ శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త టి.హెచ్. గ్రీన్ మీద రాసిన ఎనిమిది పేజీలకే ఆ డబ్బు చెల్లిపోతుంది. అయితే 7వ పేజీలోని తేడాల పట్టిక పాఠం మొత్తాన్నీ పక్కదారి పట్టిస్తోంది. పరీక్ష ముందురోజు రాత్రి చాలామంది తిరగేసేది ఆ ఒక్క పేజీనే కాబట్టి దాని సంగతి ముందు తేల్చాలి.

పట్టికలో తొమ్మిది వరసలున్నాయి. మొదటిది: ‘సాంప్రదాయం: రాజ్యం పాత్ర తక్కువ. ఆధునికం: రాజ్యం పాత్ర ఎక్కువ.’ మిగతా ఎనిమిదీ దీన్నుంచి లాగినవే. పన్నులు తక్కువ, ఎక్కువ. చట్టాలు తక్కువ, ఎక్కువ. సంక్షేమం లేదు, ఉంది. గుర్తుపెట్టుకోవడానికి సులువుగానే ఉంది కానీ, రాజ్యం సైజును బట్టి సిద్ధాంతం పేరు పెడితే లెక్క వెంటనే తప్పుతుంది. 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా, 1889లో వృద్ధాప్య పింఛను తెచ్చిన జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్ ఆ లెక్కన ఆధునిక ఉదారవాది అయిపోవాలి. ఆయన అంతకుముందే, 1878లో, సోషలిస్టుల సభలనూ పత్రికలనూ నిషేధించే చట్టం తెచ్చిన మనిషి. కార్మికులను సోషలిస్టుల వైపు పోనీయకుండా రాజ్యానికి కట్టిపడేయడానికి బీమా పెట్టాడు తప్ప, వాళ్ల స్వేచ్ఛ పెంచడానికి కాదు.

రెండు ధోరణులూ బయల్దేరేది ఒక్కచోటి నుంచే: వ్యక్తి స్వేచ్ఛే రాజ్యానికి గీటురాయి. విడిపోయేది ఆ తర్వాతి రెండు ప్రశ్నల దగ్గర. స్వేచ్ఛకు అడ్డు ఎటునుంచి వస్తుంది? ఆస్తి, ఒప్పందం స్వేచ్ఛలోనే భాగమా, లేక స్వేచ్ఛ కోసం పెట్టుకున్న సాధనాలా? అడ్డు ప్రధానంగా రాజు నుంచి, చర్చి నుంచి, గుత్తాధిపత్య సనదుల (వ్యాపారం మీద ఏకహక్కు ఇచ్చే రాజు పత్రాల) నుంచి వస్తుందని సాంప్రదాయ ఉదారవాది అంటాడు. ఆస్తినీ ఒప్పందాన్నీ కాపాడడమంటే ఆయన దృష్టిలో స్వేచ్ఛను కాపాడడమే. ఆధునిక ఉదారవాది ఆ అడ్డులన్నిటినీ ఒప్పుకుంటూనే పేదరికం, నిరక్షరాస్యత, యజమాని చేతిలోని బలం కూడా అడ్డులేనంటాడు. ఆస్తి, ఒప్పందం సాధనాలే కాబట్టి, అవి స్వేచ్ఛను మింగేస్తున్న చోట చట్టం వాటికి హద్దు గీయవచ్చంటాడు. రాజ్యం పెరగడమో తగ్గడమో ఈ జవాబుల వెంట వచ్చే ఫలితం. పట్టికలో మొదటి వరస కొట్టేసి ఈ రెండు ప్రశ్నలు రాసుకుంటే మిగతా ఎనిమిది వరసలు చాలావరకు నిలబడతాయి.

అశోక్‌నగర్‌లోనే హాస్టల్ బెడ్ తీసుకునే అభ్యర్థితో ఇది చూడొచ్చు. రెండు నెలల అడ్వాన్స్, తిరిగి ఇవ్వరు, మధ్యలో ఖాళీ చేస్తే ఇంకో నెల అద్దె అని కాగితం మీద ఉంది. అతను చదివి సంతకం పెట్టాడు. బెదిరింపు లేదు, మోసం లేదు, కాబట్టి ఒప్పందం చెల్లుతుంది, దాన్ని అమలు చేయించడమే కోర్టు పని అని సాంప్రదాయ ఉదారవాది అంటాడు. ఆధునిక ఉదారవాది ఇంకో ప్రశ్న అడుగుతాడు: నోటిఫికేషన్ పడిన వారంలో, ఆ వీధిలో అన్ని హాస్టళ్లవాళ్లూ అదే కాగితం ముందు పెడితే, ‘వద్దు’ అనే దారి అతనికి నిజంగా ఉందా? లేకపోతే అడ్వాన్స్‌కు పరిమితి పెట్టే చట్టం అతని స్వేచ్ఛను తగ్గించదు, పెంచుతుంది. అంతేగానీ హాస్టళ్లన్నీ ప్రభుత్వమే నడపాలని ఆధునిక ఉదారవాదం అనదు. నోట్స్ 8వ పేజీలో ‘ఆధునిక ఉదారవాదులు ఉత్పత్తి సాధనాల జాతీయీకరణను కోరతారు’ అన్న వాక్యం ఉంది. అది సోషలిజం పాఠంలో ఉండాల్సింది, పొరపాటున ఇక్కడికొచ్చింది. కొట్టేయాలి.

సాంప్రదాయ ఉదారవాదులు జాన్ లాక్, ఆడమ్ స్మిత్‌ల భాగం 9 నుంచి 14వ పేజీ వరకు. లాక్ చెప్పిన ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అనే సహజ హక్కులు, పాలితుల సమ్మతి, తిరుగుబాటు హక్కు సరిగ్గానే ఉన్నాయి. ఆస్తి దగ్గర మాత్రం సగంలో ఆపేశారు. శ్రమ కలిపినవాడికి ఆస్తి దక్కుతుందన్నది రాసి, దానికి లాకే పెట్టిన షరతులు వదిలేశారు. ఇతరులకు చాలినంత, అంతే మంచిది మిగలాలి. తీసుకున్నది పాడుచేయకూడదు. పైగా పాలన మీద తాను రాసిన రెండు గ్రంథాల్లో మొదటిదాని 42వ సెక్షన్‌లో, బతకడానికి వేరే దారి లేని మనిషికి ఇంకొకరి మిగులు మీద హక్కు ఉంటుందని లాక్ స్పష్టంగానే అంటాడు. ఈ మూడూ రాస్తే జవాబుకు బరువు వస్తుంది. ‘లాక్ అపరిమిత ఆస్తి సమర్థకుడు’ అన్నది కెనడా రాజనీతి శాస్త్రవేత్త మాక్‌ఫర్సన్ 1962లో చేసిన వ్యాఖ్యానం. నోట్స్ దాన్ని లాక్ సొంతమాటలా అచ్చేసింది.

స్మిత్‌కు ఇంకా ఎక్కువ అన్యాయం జరిగింది. ‘లెస్సే ఫెయిర్ పితామహుడు’, అంటే వ్యాపారంలో రాజ్యం జోక్యం వద్దన్న వాదానికి ఆద్యుడు, అని శీర్షిక పెట్టారు. ఆయన 1776 నాటి గ్రంథం ‘ది వెల్త్ ఆఫ్ నేషన్స్’లో ఆ ఫ్రెంచి మాటే లేదు. ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా అందరికీ మేలు జరుగుతుందన్న అర్థంలో వాడే ‘అదృశ్య హస్తం’ ఒక్కసారే వస్తుంది. దేశరక్షణ, న్యాయపాలన, ప్రజా నిర్మాణాలు అనే మూడు విధులు నోట్స్‌లో ఉన్నాయి, కానీ మూడోదాని కింద స్మిత్ పెట్టిన పనుల్లో పేదపిల్లల చదువు ఉందన్నది లేదు. పొద్దస్తమానం ఒకే చిన్న పని చేసే కార్మికుడి బుద్ధి మొద్దుబారిపోతుందని, అందుకే ప్రతి పారిష్‌లో బడి పెట్టి ఉపాధ్యాయుడి జీతంలో కొంత ప్రజాధనం నుంచి ఇవ్వాలని ఆయన రాశాడు. జీతాలు పెరగకుండా యజమానులు లోపాయికారీగా ఎప్పుడూ ఒక్కటవుతారని, కార్మికులకు అనుకూలంగా నియమం చేస్తే అది న్యాయంగానే ఉంటుందని కూడా రాశాడు. స్మిత్ ఎదుర్కొన్న శత్రువు మర్కంటైలిజం: సనదులతో వ్యాపారం చేసే కంపెనీలు, వాటికి రక్షణ ఇచ్చే సుంకాలు. ఆ నేపథ్యం లేకపోతే ఆయన వాదన సగమే కనిపిస్తుంది. ఈస్టిండియా కంపెనీ మీద ఆయన చేసిన తీవ్ర విమర్శ మన విద్యార్థికి బాగా పనికొచ్చే సంగతి. నోట్స్ దాన్ని తాకనేలేదు.

13వ పేజీలో ‘సాంప్రదాయ ఉదారవాదులు ఫ్యాక్టరీ చట్టాలన్నిటినీ వ్యతిరేకించారు’ అని ఉంది. తొమ్మిదేళ్ల లోపు పిల్లలను, పట్టు మిల్లుల్లో తప్ప, బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదన్న 1833 చట్టం బ్రిటన్‌లో లిబరల్ పార్టీకి ముందుతరమైన విగ్ పార్టీ ప్రభుత్వ హయాంలోనే వచ్చింది. మహిళలకు, పద్దెనిమిదేళ్ల లోపువారికి రోజుకు పది గంటల పరిమితి పెట్టే బిల్లును 1846లో కామన్స్ సభలో గట్టిగా సమర్థించినవారిలో మెకాలే ఒకడు. మనకు 1835 విద్యా మినిట్‌తో తెలిసిన మెకాలేనే. అదే బిల్లును స్వేచ్ఛా వాణిజ్యవాది జాన్ బ్రైట్ అంతే గట్టిగా వ్యతిరేకించాడు. 1847లో అది చట్టమైంది. పిల్లలు స్వయంగా ఒప్పందం చేసుకోలేరు కాబట్టి వాళ్లకు రక్షణ ఇవ్వొచ్చని చాలామంది ఒప్పుకున్నారు. పెద్దవాళ్ల విషయంలోనే గొడవ వచ్చింది. ఆ గొడవే తర్వాతి తరంలో గ్రీన్‌కు దారి వేసింది.

జాన్ స్టూవర్ట్ మిల్ గురించి నాలుగు పేజీలే ఉన్నాయి, అవీ తడబడ్డాయి. పట్టికలో సాంప్రదాయం కింద, 17వ పేజీలో ఆధునికం కింద, చివరి ప్రశ్నల్లో ‘వంతెన’గా. మూడింటిలో మూడోదే నయం, అయితే కారణం చెప్పాలి. 1848 నాటి అర్థశాస్త్ర గ్రంథంలో ఉత్పత్తి నియమాలు వేరు, పంపిణీ నియమాలు వేరు, పంపిణీ మనుషులు పెట్టుకున్న కట్టుబాట్ల మీద నడుస్తుందని మిల్ విడదీశాడు. 1859 నాటి ‘ఆన్ లిబర్టీ’ చివరి అధ్యాయంలో స్వేచ్ఛా వాణిజ్యానికి ఆధారం వేరు, వ్యక్తి స్వేచ్ఛకు ఆధారం వేరు అని తేల్చాడు. వ్యాపారం సామాజిక చర్య కాబట్టి దాన్ని నియంత్రించడం హాని సూత్రానికి (ఇతరులకు హాని జరిగేచోటే వ్యక్తిని అడ్డుకోవచ్చన్న నియమానికి) విరుద్ధం కాదన్నాడు. ఇక్కడే మార్కెట్‌కూ స్వేచ్ఛకూ మధ్య ముడి మొదటిసారి గట్టిగా వదులైంది. పిల్లలకు చదువు తప్పనిసరి చేయాలి, పేదల ఫీజు రాజ్యం కట్టాలి, కానీ బడులన్నీ రాజ్యం చేతిలో ఉండకూడదు అన్నది కూడా ఆయనే. ఆ ఒక్క వాదనలో రెండు ధోరణులూ కలిసి కనిపిస్తాయి. హాని సూత్రం ‘నాగరికత ఎదగని’ సమాజాలకు వర్తించదని, అక్కడ నిరంకుశ పాలన సమర్థనీయమేనని అదే పుస్తకంలో ఉంది. 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేసిన మనిషి అది రాశాడని హైదరాబాద్‌లో కూర్చుని చదివే విద్యార్థికి తెలియకపోవడం సరికాదు.

19 నుంచి 26 దాకా గ్రీన్. ఈ నోట్స్ ప్రాణమంతా ఇక్కడుంది, రాసినవాళ్లు మూలం చదివే రాశారని తెలుస్తుంది. 1881లో లెస్టర్‌లో ఆయన చేసిన ప్రసంగాన్ని అంచెలంచెలుగా విప్పారు. యజమాని బాధ్యతల చట్టం, ఐర్లాండ్ కౌలుదారుల సమస్య, ఫ్యాక్టరీ చట్టాలు, మద్యం నియంత్రణ. ప్రతిచోటా ఎదుటిపక్షం లేవదీసే అభ్యంతరం ఒక్కటే: ‘ఒప్పంద స్వేచ్ఛకు భంగం’. గ్రీన్ జవాబు కూడా ఒక్కటే. స్వేచ్ఛ అంటే కేవలం ఎవరూ ఆపకపోవడం కాదు, చేయదగిన పని చేయగల శక్తి, అదీ అందరితో కలిసి. ఒప్పంద స్వేచ్ఛ ఆ గమ్యానికి దారి మాత్రమే. తనను తాను బానిసగా అమ్ముకునే ఒప్పందాన్ని ఏ ఉదారవాదీ చెల్లనివ్వడు కదా. అంటే ఒప్పందం కంటే పైన ఏదో ఉందని అందరూ ముందే ఒప్పుకున్నట్టే. దాన్ని ఒప్పుకున్నాక, ఆరోగ్యం నాశనమయ్యే పని గంటల ఒప్పందాన్ని ఎందుకు ప్రశ్నించకూడదు? ఈ మెట్ల వరస 21వ పేజీలో ఎంత శుభ్రంగా ఉందంటే దాన్ని ఉన్నదున్నట్టు నేర్చుకోవచ్చు. గ్రీన్ వ్యక్తిగత పెట్టుబడిని సమర్థించాడని, ఇంగ్లండ్ భూస్వామ్యాన్ని మాత్రమే వేలెత్తి చూపాడని కూడా చెప్పారు. చాలా పాఠ్యపుస్తకాల్లో కనిపించని జాగ్రత్త ఇది.

24వ పేజీలో గళ్ల పెట్టెలో ఇచ్చిన లాక్నర్ కేసు కూడా బాగుంది. బేకరీ కార్మికులు రోజుకు 10, వారానికి 60 గంటలు మించి పనిచేయకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1905లో 5–4 తేడాతో కొట్టేసింది, కారణం ఒప్పంద స్వేచ్ఛ. రాజ్యాంగ 14వ సవరణ, రాజ్యం జోక్యాన్ని వ్యతిరేకించిన ఇంగ్లిష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ పుస్తకాన్ని చట్టం చేయలేదని జస్టిస్ హోమ్స్ అసమ్మతి తీర్పులో రాశాడు. 1937లో వాషింగ్టన్ రాష్ట్రపు కనీస వేతన చట్టాన్ని నిలబెట్టడంతో ఆ దశ ముగిసింది. రెండు ధోరణులు ఒక కోర్టు గదిలో ఢీకొన్న తీరు ఇంతకంటే బాగా చూపించలేం.

దాని పక్కనే చేత్తో ఒక భారతీయ కేసు రాసుకోండి, నోట్స్‌లో లేదు. ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల విషయంలో పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ వేసిన పిటిషన్ మీద 1982లో మన సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని జస్టిస్ భగవతి రాశారు. ఎందుకంటే కొరడా పట్టుకుని ఎవరూ నిలబడకపోయినా, ఆకలి కూడా బలవంతమే. కార్మికుడు ‘ఒప్పుకున్నాడు’ కాబట్టి చెల్లుతుందన్న వాదన అక్కడ నిలవలేదు. 1881లో గ్రీన్ చెప్పినది మన రాజ్యాంగం భాషలో వినిపించే చోటు ఇది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పాఠకుడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. సివిల్స్ జవాబులో లాక్నర్‌తో పాటు ఈ తీర్పు రెండు వాక్యాల్లో రాస్తే ఉదాహరణ మన గడ్డ మీదికి వస్తుంది.

27, 28 పేజీల్లో హాబ్‌హౌస్. ఇక్కడ టైపింగ్ పెద్ద నష్టమే చేసింది. పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చి, సరిచూడకుండా అచ్చేసినట్టున్నారు. ‘హాబ్‌హౌస్’ మూడుచోట్ల ‘హాబ్స్’ అయ్యాడు, ఒకచోట ‘హాబ్సన్’ అయ్యాడు. ముగ్గురూ వేరు. హాబ్స్ 1651లో లెవయథాన్ రాసిన సంపూర్ణ సార్వభౌమాధికారవాది. హాబ్సన్ 1902లో సామ్రాజ్యవాదం మీద పుస్తకం రాసిన ఆర్థికవేత్త. హాబ్‌హౌస్ 1911లో ‘లిబరలిజం’ రాసినవాడు. కొత్తగా చదివే విద్యార్థి 17వ శతాబ్దపు హాబ్స్ వృద్ధాప్య పింఛను అడిగాడని రాసేసే ప్రమాదం ఉంది. పెన్నుతో దిద్దుకున్నాకే చదవండి.

హాబ్‌హౌస్ వాదనలో అసలు పట్టు సంపదలోని సామాజిక వాటా. సొంత కష్టంతో సంపాదించానని చెప్పే వ్యాపారి వెనక రోడ్లు, చట్టం, శాంతిభద్రతలు, చదువుకున్న జనం ఉన్నారు. ఆ వాటాను పన్నుగా తీసుకుంటే సమాజం తనదాన్ని తాను వెనక్కి తీసుకున్నట్టే. దీనికి నోట్స్ లండన్ భూముల ఉదాహరణ ఇచ్చి ఊరుకుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కట్టిన ఊళ్లో లండన్ దాకా పోనక్కర్లేదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల భూమి ఖాళీగా ఉంచుకుని కూర్చున్న యజమాని చేతిలో పెరిగిన విలువలో ఆయన శ్రమ ఎంత, ప్రజాధనంతో వేసిన రోడ్డుది ఎంత? హాబ్‌హౌస్ ప్రశ్న అదే. చట్టబద్ధంగా కొన్నాడు, బదిలీ న్యాయంగా జరిగింది, పెరిగిన విలువా అతనిదే అని అమెరికా తత్వవేత్త నోజిక్ జవాబిస్తాడు. ఇద్దరినీ ఎదురెదురుగా పెట్టి రాయడానికి ఇది మంచి చోటు. ఈ ఆలోచనలకు ఆచరణ రూపంగా బ్రిటన్‌లో వచ్చిన 1908 పింఛను చట్టం, 1909 బడ్జెట్, 1911 జాతీయ బీమా చట్టం నోట్స్‌లో సరైన సంవత్సరాలతోనే ఉన్నాయి. బ్రిటన్ సంక్షేమ వ్యవస్థకు నమూనా అయిన 1942 బెవరిడ్జ్ నివేదికను మాత్రం లేబర్ పార్టీ ఖాతాలో వేశారు. అమల్లో పెట్టింది లేబర్ ప్రభుత్వమే అయినా, బెవరిడ్జ్ లిబరల్. ఆర్థికవేత్త కీన్స్ కూడా లిబరలే.

అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ మీద 29 నుంచి 32 వరకు. అజ్ఞానపు తెర (సమాజంలో మన స్థానం ఏదో తెలియదనుకుని నియమాలు ఎంచుకోవడం), రెండు సూత్రాలు (మొదటిది అందరికీ సమాన స్వేచ్ఛలు, రెండోది అసమానతలకు హద్దులు), భేద సూత్రం (అసమానతలు అట్టడుగువారికి మేలు చేయాలన్నది) చక్కగా ఉన్నాయి. మొదటి సూత్రానికి రెండోదాని మీద ప్రాధాన్యం ఉందన్నది, అంటే ఆదాయం పెరుగుతుందని చెప్పి వాక్‌స్వాతంత్ర్యం తీసేయడానికి వీల్లేదన్నది, ఒక్క వాక్యంలో తేల్చేశారు. దాన్ని ఎర్రగీత గీసి ఉంచుకోవాలి, ఎందుకంటే రాల్స్‌ను ఉదారవాదిగా నిలబెట్టేది ఆ ప్రాధాన్యమే. ఈ పాఠానికి మరీ కీలకమైనది మాత్రం లేదు. మౌలిక స్వేచ్ఛల జాబితాలో రాల్స్ వ్యక్తిగత ఆస్తిని చేర్చాడు, ఉత్పత్తి సాధనాల మీద యాజమాన్యాన్నీ లెస్సే ఫెయిర్ అర్థంలో ఒప్పంద స్వేచ్ఛనూ చేర్చలేదు. లాక్ నుంచి రాల్స్ దాకా ఏం మారిందో ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇదే చెప్పాలి. ‘రాల్స్ సంక్షేమ రాజ్య సిద్ధాంతకర్త’ అన్న శీర్షిక కూడా తప్పు. పెట్టుబడి కొద్దిమంది చేతుల్లో ఉండనిచ్చి, తర్వాత పేదలకు పంచే సంక్షేమ పెట్టుబడిదారీ విధానం తన సూత్రాలకు చాలదని ఆయన తర్వాతి రచనల్లో స్పష్టం చేశాడు. ఆస్తి మొదటినుంచే విస్తృతంగా చెదిరి ఉండే ప్రజాస్వామ్యాన్ని కోరాడు.

33 నుంచి 37 వరకు ఉన్న, మార్కెట్‌కు మళ్లీ పెద్దపీట వేసే నయా ఉదారవాదం అధ్యాయానికి ‘ఆధునిక ఉదారవాదం: తాజా రూపం’ అని పేరు పెట్టారు. కాలం ప్రకారం తర్వాత వచ్చింది కాబట్టి ఆధునికం అనుకున్నారు. ఆర్థికవేత్తలు హయెక్, ఫ్రీడ్‌మన్, తత్వవేత్త నోజిక్ వంశవృక్షంలో సాంప్రదాయ కొమ్మకు చెందినవాళ్లు. ఈ పొరపాటు పరీక్షల్లో విరివిగా కనిపిస్తుంది, మార్కులు నేరుగా పోతాయి. ముగ్గురినీ ఒకే గాటన కట్టకూడదు కూడా. తిండి, గూడు, బట్ట కనీస స్థాయిలో అందరికీ హామీ ఇవ్వొచ్చని హయెక్ 1944లోనే ఒప్పుకున్నాడు. 1962లో ఫ్రీడ్‌మన్ పేదలకు రుణాత్మక ఆదాయపన్ను (ఆదాయం ఒక హద్దుకు తగ్గితే ప్రభుత్వమే ఎదురు డబ్బివ్వడం) ప్రతిపాదించాడు. వాళ్లిద్దరికీ అభ్యంతరం ప్రణాళికల మీద, ధరల నియంత్రణ మీద. నోజిక్ 1974లో ఆ కనీస హామీ కోసం పన్ను వేయడాన్ని కూడా బలవంతపు పనితో పోల్చాడు. 1991 సంస్కరణల మీద రెండు పేరాలున్నాయి, పి.వి. నరసింహారావు పేరుతో సహా సరిగ్గానే ఉన్నాయి, చదివి ముందుకు పోవచ్చు.

భారత ఉదారవాదం అధ్యాయం 38వ పేజీ నుంచి. నౌరోజీ, రనడే, గోఖలే ఉన్నారు. ఆ తర్వాత నేరుగా రాజ్యాంగం. మధ్యలో లోటు రెండు చోట్ల. మొదటిది స్వతంత్ర పార్టీ. సహకార వ్యవసాయం మీద కాంగ్రెస్ 1959 జనవరి నాగపూర్ తీర్మానానికి ఎదురు నిలిచి అదే ఏడాది రాజాజీ, మీనూ మసానీ, ఎన్.జి. రంగా ఈ పార్టీ పెట్టారు. తొలి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలు నుంచి వచ్చిన రంగా. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. సాంప్రదాయ ఉదారవాదం మన దేశంలో రైతు భూమి హక్కు రూపంలో వచ్చిందన్నది తెలుగువాళ్లు తప్పకుండా రాయాల్సిన సంగతి. రెండోది అంబేడ్కర్. 1947లో రాజ్యాంగ సభ కోసం తయారుచేసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో, రాజ్యం జోక్యం లేని స్వేచ్ఛ ఎవరికి దక్కుతుందని నిలదీసి, భూస్వామికి కౌలు పెంచే స్వేచ్ఛగా, పెట్టుబడిదారుకు పని గంటలు పెంచి కూలి తగ్గించే స్వేచ్ఛగా అది మారుతుందని చెప్పాడు. వాదన గ్రీన్ వాదనకు దగ్గరగా ఉన్నా, ఆయన చూపిన పరిష్కారం రాజ్య సోషలిజం. కాబట్టి ఆయన్ను ఆధునిక ఉదారవాదుల జాబితాలో ముగించేయకండి.

41వ పేజీలో ఆస్తి హక్కును 42వ సవరణ, 1976 తొలగించిందని ఉంది. తప్పు. 44వ సవరణ, 1978. 19వ అధికరణలోని ఆస్తి ఉపవాక్యం, 31వ అధికరణ పోయి 300ఏ వచ్చింది. ఆస్తి ప్రాథమిక హక్కు స్థానం నుంచి చట్టబద్ధ హక్కు స్థానానికి దిగడం ఈ పాఠం మొత్తానికీ మన రాజ్యాంగంలో దొరికే తిరుగులేని ఉదాహరణ. అలాంటి చోట సంవత్సరం తప్పు పడకూడదు.

అదే అధ్యాయంలో 1983 నాటి కిలో రెండు రూపాయల బియ్యం, 2007 నాటి ఆరోగ్యశ్రీ పథకాలను ‘ఆధునిక ఉదారవాదానికి తెలుగు ఉదాహరణలు’ అన్నారు. పథకం పేరు రాసినంత మాత్రాన సిద్ధాంతం రుజువు కాదు. కడుపు నిండినవాడే ఓటును, మాటను స్వేచ్ఛగా వాడుకోగలడన్న కారణంతో సమర్థిస్తే అది ఆధునిక ఉదారవాద వాదన. పాలకుడి దయగా చూపిస్తే అది ఉదారవాదమే కాదు. ఎవరికి దక్కాలో చట్టంలో రాసి, దక్కకపోతే పౌరుడు కోర్టుకు వెళ్లగలిగే హక్కుగా చేస్తే మళ్లీ ఉదారవాదం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం, 21ఏ అధికరణలోని విద్యాహక్కు ఈ మూడో కోవలోవి. జవాబులో పథకం రాస్తే, ఏ కారణంతో రాస్తున్నారో ఆ వాక్యం కూడా రాయాలి.

వాడుకునే పద్ధతి. ముందు గ్రీన్ భాగం చదవండి, అక్కడి నుంచి వెనక్కి లాక్‌కు, ముందుకు రాల్స్‌కు వెళ్లండి. తేడా ఎక్కడ పుట్టిందో ముందు తెలిస్తే మిగతా పేజీలు వాటంతట అవే అమరుతాయి. నెగెటివ్ (ఎవరూ ఆపకపోవడం), పాజిటివ్ (తనను తానే నడుపుకోవడం) స్వేచ్ఛలను తత్వవేత్త ఐజయా బెర్లిన్ 1958లో విడదీశాడని 20వ పేజీ అంచున రాసుకోండి. గ్రీన్ మార్గం చివరికి నిరంకుశత్వానికి దారితీయొచ్చని హెచ్చరించింది ఆయనే కాబట్టి ఆ పేజీకి ఎదురు వాదన కూడా దొరుకుతుంది. సివిల్స్‌లో 10 మార్కుల ప్రశ్నకు 150 పదాలు. అందులో 30 పదాలు రెంటికీ ఉమ్మడి పునాదికి, 80 పదాలు పైన చెప్పిన రెండు ప్రశ్నలకు రెండు వైపుల జవాబులకు, మిగతావి ఒక కేసుకో అధికరణకో. ఆలోచనాపరుల పేర్లు వరసపెట్టి చెప్పి ఆపేసే జవాబు, ఈ నోట్స్‌లోని నమూనా జవాబు అలాంటిదే, సగం మార్కుల దగ్గర ఆగిపోతుంది.

కొనేముందు షాపులోనే 23, 24 పేజీలు ఉన్నాయో లేదో తిప్పి చూడండి, కొన్ని ప్రతుల్లో ఆ కాగితం పడలేదు. నెట్‌కు మాత్రమే చదివేవాళ్లకు చివరి మూడు పేజీల కాలక్రమ పట్టిక ఉపయోగపడుతుంది కానీ, అందులో గ్రీన్ 1881 ప్రసంగం ఎదురుగా 1886 పడింది. ఆయన 1882లోనే చనిపోయాడు. రాజకీయ బాధ్యత మీద ఆయన ఉపన్యాసాలు అచ్చయింది మరణం తర్వాత. రెండు తేదీలను కలిపేసినట్టున్నారు. కాలక్రమంలో అమర్చమనే ప్రశ్నలో ఈ ఐదేళ్ల తేడా వల్ల గ్రీన్ స్పెన్సర్‌కు ముందుండాల్సింది వెనక్కి పోతాడు, ఎందుకంటే స్పెన్సర్ ‘ది మ్యాన్ వర్సస్ ది స్టేట్’ వచ్చింది 1884లో.